గీత దాటితే గోడ నిలవదు!

సముద్రం కనిపించే ప్లాటు... కాలువ గట్టున డూప్లెక్సు... నదీతీరాన ఫామ్‌హౌస్! ప్రకటనల్లో బొమ్మ చూస్తే మనసు లాగేస్తుంది. కానీ ఆ నేల ఇల్లు మోస్తుందా, ఆ నీరు ఇంటిని వదులుతుందా అన్న ప్రశ్నకు జవాబు ప్రకటనలో ఉండదు. పర్యావరణ అధ్యయనంలో ఉంటుంది. తెనాలి, బాపట్ల, రేపల్లెలకు ఆ ప్రశ్న మరీ ముఖ్యం. ఎందుకంటే...

ఈ మూడు ఊళ్లూ కృష్ణా డెల్టా బిడ్డలే. కానీ మూడింటి నేలా ఒకటి కాదు. తెనాలి చుట్టూ కాలువలు, నల్లరేగడి పొలాలు. రేపల్లె పక్కన కరకట్ట, దానికి అవతల కృష్ణమ్మ, కిందికి వెళ్తే మడ అడవులు. బాపట్ల దాటితే సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు, సూర్యలంక సముద్రం. మూడుచోట్లా నేలను మలిచింది నీరే. నది తెచ్చిన ఒండ్రును సముద్రపు అలలు సర్దిపెడితే వేల ఏళ్లకు ఈ డెల్టా తయారైంది. ఊళ్ల పేర్లు చూడండి... సూర్యలంక, అడవులదీవి, లంకెవానిదిబ్బ! లంక, దీవి, దిబ్బ... ఎక్కడ నీరు చుట్టుముడుతుందో, ఎక్కడ మెరక ఉందో మన పెద్దలు పేర్లలోనే రాసిపెట్టారు. సర్వే నంబర్లు వచ్చాక మనం ఆ పేర్లను చదవడం మానేశాం.

నీటికి జ్ఞాపకం ఎక్కువ!

1977 నవంబరు 19. ఈ ప్రాంతంలో పెద్దవాళ్లెవరిని అడిగినా ఆ తేదీ చెబుతారు. దివిసీమను ముంచేసిన ఉప్పెన దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి, కిలోమీటర్ల కొద్దీ లోపలికి దూసుకొచ్చింది. పోయిన ప్రాణాలు పదివేలకు తక్కువ కాదు. నదికి ఇవతల ఒడ్డున ఉన్న రేపల్లె, నిజాంపట్నం తీరం కూడా ఆ రాత్రి దెబ్బ తిన్నది. 1990 మే నెలలో కృష్ణా ముఖద్వారం దగ్గరే మరో పెనుతుపాను తీరం దాటింది. ముందే హెచ్చరించి జనాన్ని పెద్దఎత్తున తరలించడంతో ఈసారి మృతులు వెయ్యి లోపే. 2004 డిసెంబరు 26న సునామీ. 2010 మే 20న ‘లైలా’ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరు 5న ‘మిచౌంగ్’ కూడా బాపట్లకు దక్షిణంగానే ఒడ్డెక్కింది.

సముద్రం ఒకవైపైతే నది మరోవైపు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి దాదాపు 11 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు వచ్చింది. భట్టిప్రోలు మండలం ఓలేరు దగ్గర కరకట్టకు గండి పడి రేపల్లె వైపు ఊళ్లు నీట మునిగాయి. ఇంత వరద మళ్లీ ఎప్పుడో అనుకున్నారంతా. పదిహేనేళ్లు తిరిగేసరికి, 2024 సెప్టెంబరు 2న, బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదయ్యాయి. పాత రికార్డు చెరిగిపోయింది. కొల్లూరు, రేపల్లె వైపు లంకలు మునిగాయి. కరకట్ట మీద రాత్రంతా ఇసుక బస్తాలతో కాపలా కాయాల్సి వచ్చింది.

అంటే నీరు ఒకసారి నడిచిన దారిని మరిచిపోదు. మరిచిపోయేది మనమే. ఆ మరుపునకు విరుగుడుగా వచ్చిందే పర్యావరణ అధ్యయనం. ‘ఇక్కడ కట్టబోయే ముందు, ఇక్కడ ఇంతకుముందు ఏం జరిగిందో, కట్టాక ఏం జరుగుతుందో రాసి చూపించు’ అని చట్టం అడగడమే దాని సారాంశం. 1970లో అమల్లోకి వచ్చిన అమెరికా చట్టంతో ఈ ఆలోచనకు ఊపు వచ్చింది. మన దేశంలో 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1994 జనవరి 27న వచ్చిన ఉత్తర్వు దాన్ని తప్పనిసరి చేసింది. ఇప్పుడు అమల్లో ఉన్నది 2006 సెప్టెంబరు 14 నాటి ఉత్తర్వు, దానికి తర్వాత చేసిన సవరణలు.

సముద్రం ఒడ్డున ఒక గీత

తీరం కథ ఇంకాస్త ముందే మొదలైంది. 1981లో ప్రధాని ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఉత్తరం రాశారు. సముద్రం పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలు లేకుండా చూడాలని దాని సారాంశం. పదేళ్ల తర్వాత, 1991 ఫిబ్రవరి 19న, అది నిబంధనగా మారింది. అదే కోస్టల్ రెగ్యులేషన్ జోన్... మన ఆఫీసుల భాషలో సీఆర్‌జెడ్. దాన్ని 2011లో ఒకసారి, 2019 జనవరిలో మరోసారి తిరగరాశారు.

ఈ నిబంధనల గుండెకాయ ఒక గీత. దాని పేరు హైటైడ్ లైన్. పౌర్ణమి, అమావాస్యల పెద్ద పోటుకు నీళ్లు ఎంతదాకా వస్తాయో అదే ఆ గీత. కంటితో చూసి, కర్ర పాతి గుర్తు పెడితే చెల్లదు. కేంద్రం గుర్తించిన సంస్థలే కొలిచి పటం గీయాలి. ఆ గీత నుంచి భూమి వైపు 500 మీటర్లు సీఆర్‌జెడ్ కిందికి వస్తుంది. అందులో మళ్లీ తరగతులు. మడ అడవులు, ఇసుక దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు మొదటి తరగతి. వాటిని ముట్టుకోకూడదు. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ అడవి ఉంటే దాని చుట్టూ 50 మీటర్లు కూడా కాపుదలలోనే ఉండాలి. కట్టడాలు పెరిగిన పట్టణ ప్రాంతం రెండో తరగతి. పల్లెలు మూడో తరగతి. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 కన్నా తక్కువ ఉన్న పల్లెతీరంలో గీత నుంచి 200 మీటర్ల దాకా నిర్మాణ నిషేధ ప్రాంతమే. అంతకు మించి జనం ఉన్నచోట 2019 నిబంధన దాన్ని 50 మీటర్లకు తగ్గించింది.

సూర్యలంక ఒడ్డున నిలబడితే ఈ లెక్కలన్నీ ఎందుకో అర్థమవుతుంది. అలకీ ఊరికీ మధ్య అడ్డుగా ఉండేది ఇసుక దిబ్బే. ఉప్పెన వచ్చినప్పుడు మొదటి దెబ్బ తినేది అదే. తాగునీటి బావికి అండ కూడా అదే. దిబ్బలో ఇంకిన వాన నీరు తీపి నీటి పొరగా నిలిచి, కింద ఉన్న ఉప్పునీటిని పైకి రానివ్వదు. సముద్రం కనబడటం లేదని రిసార్టు కోసం దిబ్బను చదును చేస్తే రెండు రక్షణలూ ఒక్క దెబ్బతో పోతాయి. పైగా గదుల కోసం బోర్లు వేసి మోటార్లతో తోడితే ఉప్పునీరు పక్క ఊరి బావుల్లోకీ ఎక్కుతుంది. అందుకే దిబ్బల రూపు మార్చడం మీద, తీరంలో భూగర్భజలం తోడటం మీద నిబంధనలు అంత గట్టిగా ఉన్నాయి.

సముద్రం లేకపోయినా...

‘మాది సముద్రానికి పది కిలోమీటర్ల దూరం, మాకు సీఆర్‌జెడ్ ఏమిటి?’ అంటారు చాలామంది. ఇక్కడే ఉంది మెలిక. ఆటుపోట్లు ఎక్కే పాయలు, మొగలు, డ్రెయిన్లకు కూడా ఈ నిబంధన వర్తిస్తుంది. ఎంతదూరం? బాగా ఎండలు కాసే కాలంలో నీటిలో ఉప్పు వెయ్యి పాళ్లకు 5 పాళ్లు ఉన్నంత దూరం! అక్కడిదాకా పాయకు ఇటూ అటూ 50 మీటర్లు, లేదా పాయ వెడల్పు ఎంతో అంత... రెండింటిలో ఏది తక్కువైతే అది. అంటే గీతను తేల్చేది నీటిలోని ఉప్పే. రేపల్లె, నిజాంపట్నం మండలాల్లో పాయల పక్కన స్థలం కొనేవాళ్లు పాసుపుస్తకంతో పాటు ఈ ఉప్పు లెక్క కూడా చూసుకోవాలి.

ఆ పాయల చివర ఉన్నవే మడ అడవులు. కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. 1989లో ప్రకటించారు. నదికి రెండువైపులా ఉన్న ఈ అడవిలో తెల్లమడ, తిల్ల లాంటి చెట్లు, వాటి వేళ్ల మధ్య రొయ్య పిల్లలు, పీతలు, వాటి కోసం తిరిగే బావురుపిల్లులు. దెబ్బతిన్నచోట చేపముల్లు ఆకారంలో చిన్నచిన్న కాలువలు తవ్వి, పోటునీరు పారించి, మళ్లీ మడను పెంచిన అనుభవం కూడా ఈ ప్రాంతానికి ఉంది. ఈ అడవి విలువ ఎంత? 1999 ఒడిశా పెనుతుపాను మీద 2009లో వెలువడిన ఒక పరిశోధన కేంద్రపడా జిల్లా ఊళ్లను లెక్క తీసింది. మడ అడవి దట్టంగా అడ్డున్న ఊళ్లలో మరణాలు తక్కువని తేలింది. చెట్టు కొట్టి కట్టిన గోడ ఆ పని చేయలేదు.

రొయ్య నేర్పిన పాఠం

తీరంలో అధ్యయనం లేకుండా దూకితే ఏమవుతుందో మనకు ఇళ్లకన్నా ముందు రొయ్యల చెరువులు చూపించాయి. 1990ల మొదట్లో తీరమంతా చెరువులు తవ్వేశారు. పక్క పొలాలు ఉప్పుబారాయి. తాగునీరు చెడింది. చెరువులకు తెగులు వచ్చి పెట్టుబడులూ పోయాయి. తమిళనాడుకు చెందిన సర్వోదయ నేత ఎస్.జగన్నాథన్ వేసిన పిటిషన్‌పై 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. సీఆర్‌జెడ్‌లోని చెరువులను, సంప్రదాయ పద్ధతివి తప్ప, 1997 మార్చి 31లోగా తొలగించాలంది. ఆ తర్వాత 2005లో పార్లమెంటు ప్రత్యేక చట్టం తెచ్చి, 2023లో దాన్ని సవరించింది. తీర్పు, చట్టం సంగతి ఎలా ఉన్నా పాఠం మాత్రం ఒకటే. లాభం చెరువుగట్టు లోపల మిగిలింది, నష్టం గట్టు దాటి పక్కవాడి పొలంలోకి వెళ్లింది. పర్యావరణ అధ్యయనం అడిగేది ఆ పక్కవాడి లెక్కే.

తర్వాత పెద్ద ప్రాజెక్టుల వంతు. 2008లో రాష్ట్ర ప్రభుత్వం రస్ అల్ ఖైమా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని వాన్‌పిక్ తలపెట్టింది. వాడరేవు, నిజాంపట్నం రేవులు, వాటి వెనక వేల ఎకరాల్లో పరిశ్రమలు. భూములు చేతులు మారాయి గానీ రేవులు రాలేదు. వ్యవహారం కేసుల పాలైంది. నేల ఎంత మోయగలదో తేలకముందే నేల ధర తేలిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇది మన కళ్లముందున్న ఉదాహరణ.

తెనాలికి పొరుగునే ఉన్న అమరావతి మరో ఉదాహరణ. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరానికి 2015 అక్టోబరులో పర్యావరణ అనుమతి వచ్చింది. వరద మైదానం, కొండవీటి వాగు ముంపు సంగతేమిటంటూ కొందరు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. 2017 నవంబరు 17న ట్రైబ్యునల్ అనుమతిని రద్దు చేయలేదు, అలాగని వదిలేయనూ లేదు. అదనపు షరతులు పెట్టి, అమలు చూసేందుకు కమిటీలు వేయమంది. వాగు నీటిని కృష్ణలోకి ఎత్తిపోసే పథకం 2018లో ఉండవల్లి దగ్గర మొదలైంది. కట్టాలా వద్దా అన్న వాదన ఎలా ఉన్నా, ‘వాగు నీరు ఎటు పోతుంది?’ అన్న ప్రశ్న బల్ల మీదికి వచ్చింది అధ్యయనం వల్లే.

అందరికీ అధ్యయనం ఉందా?

అసలు చిక్కు ఇక్కడ ఉంది. 20 వేల చదరపు మీటర్ల కన్నా ఎక్కువ నిర్మాణం ఉంటేనే సాధారణంగా పర్యావరణ అనుమతి కావాలి. లక్షా 50 వేల చదరపు మీటర్ల దాకా దరఖాస్తు పత్రాలతో సరిపోతుంది. పూర్తి అధ్యయనం అడిగేది దానికన్నా పెద్ద నిర్మాణాలను, 50 హెక్టార్లు... అంటే దాదాపు 124 ఎకరాల టౌన్‌షిప్పులను. రేవులకు, కర్మాగారాలకు ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుంది. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, కలెక్టరు లేదా ఆయన తరఫు అధికారి అధ్యక్షత వహించాలి, అంతా వీడియో తీయాలి. నివేదిక సారాంశం మన భాషలో అందుబాటులో ఉంచాలి. సభ మొదలుపెట్టడానికి ఇంతమంది ఉండాలన్న కోరం కూడా లేదు. ఎవరూ రాకపోయినా సభ జరిగినట్టే! భవనాలకైతే సాధారణంగా ఆ సభే ఉండదు.

తెనాలి చుట్టూ చూడండి. ఒక్కో వెంచరు పది, పన్నెండు ఎకరాలు. ఒక్కటీ పూర్తి అధ్యయనం పరిధిలోకి రాదు. పక్కపక్కనే పది వెంచర్లు పడితే? 124 ఎకరాల టౌన్‌షిప్పు ఎంత నేలను కప్పేస్తుందో ఇవీ అంతే కప్పేస్తాయి. కానీ ఎవరూ ఏ లెక్కా రాయరు. ప్రతివాళ్లూ తమ స్థలానికి మెరక తోలిస్తారు. డెల్టాలో పొలం అంటే వాననీటిని కాసేపు ఆపి మెల్లగా డ్రెయిన్‌లోకి వదిలే పళ్లెం. ఆ పళ్లెం మూడడుగులు మెరక అయితే నీరు పక్కనున్న పల్లంలోకే చేరుతుంది. పల్లంలో ఉండేది సాధారణంగా పేదల కాలనీయే. వాన పడ్డ మూడోరోజు కూడా గుమ్మంలో నీళ్లు నిలిచే ఇళ్లలో చాలావాటికి కారణం ఆకాశంలో ఉండదు, పక్క వెంచరులో ఉంటుంది.

కాలువలు, నదుల పక్కన ఎంత వదలాలో భవన నిబంధనలూ చెప్పాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం నదికి పట్టణంలో 50, బయట 100 మీటర్లు. పది మీటర్లకు మించి వెడల్పున్న కాలువకు, వాగుకు 9 మీటర్లు. చిన్న కాలువకు 2 మీటర్లు. ఇప్పటి కొలత ఎంతో మునిసిపాలిటీ టౌన్‌ప్లానింగ్ విభాగంలో అడిగి తెలుసుకోవాలి. కాగితం మీద తొమ్మిది మీటర్లున్నా గట్టు మీద రెండు మీటర్లే కనిపిస్తే, మిగతా ఏడు మీటర్లు వరద వచ్చినప్పుడు నీరే తీసుకుంటుంది.

నష్టం ఎవరిది?

‘ఇప్పుడు కట్టేద్దాం, అనుమతి తర్వాత చూసుకుందాం’ అనేవాళ్లకు కేరళ కథ చెప్పాలి. కొచ్చి దగ్గర మరడులో వెనకజలాల ఒడ్డున నాలుగు అపార్ట్‌మెంట్ సముదాయాలు లేచాయి. సీఆర్‌జెడ్ ఉల్లంఘన అని 2019 మే 8న సుప్రీంకోర్టు కూల్చివేతకు ఆదేశించింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలతో సెకన్లలో నేలమట్టం చేశారు. పంచాయతీ అనుమతి ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది, బ్యాంకు అప్పు ఉంది... గీత మాత్రం లేదు. కొన్నవాళ్లకు మధ్యంతర పరిహారంగా 25 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలని కోర్టు చెప్పింది గానీ, సామాన్లు సర్దుకుని వెళ్లిన ఆ రోజులకు పరిహారం ఎవరిస్తారు?

కట్టేశాక అనుమతి ఇవ్వొచ్చా అన్నది దేశంలో ఇంకా తెగని వాదనే. 2025 మేలో సుప్రీంకోర్టు అలాంటి అనుమతులు చెల్లవంది. అదే ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇద్దరి మెజారిటీతో ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. కోర్టుల్లో గాలి ఎటు వీచినా సముద్రానికి మాత్రం వెనుకటి తేదీతో అనుమతి ఇవ్వడం ఎవరి చేతుల్లోనూ లేదు.

అలాగని నిబంధన పేరుతో మత్స్యకారుల గుడిసెల మీద పడటమూ న్యాయం కాదు. వాళ్ల బతుకే అలల పక్కన. అందుకే 2011 నిబంధన గీత నుంచి 100, 200 మీటర్ల మధ్య స్థానిక మత్స్యకారుల ఇళ్లకు వీలు కల్పించింది. 2019 నిబంధన పట్టణ, పల్లె తరగతుల్లో 300 చదరపు మీటర్ల లోపు సొంత ఇంటికి స్థానిక సంస్థే, నిబంధనలు చూసుకుని, అనుమతి ఇవ్వవచ్చంది. చాలామంది జాలరులకు ఈ సంగతే తెలియదు. రిసార్టు దగ్గర ఫైళ్లు పట్టుకుని తిరిగే కన్సల్టెంట్లు ఉంటారు. పాలెంలో ఎవరుంటారు? పైగా అధ్యయనం చేసే సంస్థకు డబ్బు చెల్లించేది ప్రాజెక్టు యజమానే. నివేదిక అద్దంలా ఉండాలంటే దాన్ని చదివేవాళ్లు ఊళ్లో ఉండాలి. బాపట్ల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. కొత్త ఆఫీసులు, రోడ్లు, పర్యాటకం అన్నీ వస్తున్నాయి. రావాలి కూడా. చదివే అలవాటు ఇప్పుడే మొదలైతే మంచిది.

కొనేముందు అడగండి!

* సర్వే నంబరు తీరమండలి పటంలో ఎక్కడ పడుతుందో చూడండి. పెద్ద నిర్మాణమైతే 1:4,000 కొలతతో గీసిన సీఆర్‌జెడ్ పటం అడగండి. ‘మాకు అవసరం లేదు’ అంటే ఎందుకు అవసరం లేదో కాగితం మీద రాసిమ్మనండి.

* పర్యావరణ అనుమతి ఉందంటే పత్రం చూపించమనండి. అసలు సంగతంతా షరతుల్లో ఉంటుంది. వాటిని వదలకుండా చదవండి.

* 2009లో, 2024లో ఇక్కడ నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో పక్క వీధి పెద్దవాళ్లను అడగండి. గోడల మీద గుర్తులు ఉంటే ఇంకా మంచిది.

* వర్షాకాలంలో ఒకసారి, వేసవిలో ఒకసారి స్థలం చూడండి. డెల్టాలో ఒకే నేల రెండు ముఖాలతో కనిపిస్తుంది.

* నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. పునాదికి ముందు మట్టి పరీక్ష చేయించండి.

* వెంచరు వాననీరు ఏ డ్రెయిన్‌లో కలుస్తుందో చూపించమనండి. చూపించలేకపోతే అది మీ వీధిలోనే కలుస్తుంది.

* మీ మండలంలో ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన వస్తే సారాంశం చదివి వెళ్లండి. మీరు చెప్పింది రికార్డులో ఉంటుంది. వెళ్లకపోతే మీకు అభ్యంతరం లేదనే అనుకుంటారు.

డెల్టా మనకు వరి ఇచ్చింది, చేప ఇచ్చింది, చదువులకు డబ్బిచ్చింది. ఇల్లు కట్టుకోవడానికి చోటూ ఇస్తుంది. ఎక్కడ కట్టకూడదో మాత్రం ముందే చెబుతుంది. వినిపించుకున్నవాళ్లకు ఆ మాట నివేదికలో ఉంటుంది. వినిపించుకోనివాళ్లకు తుపాను రాత్రి గుమ్మం దగ్గర వినిపిస్తుంది.